నల్లబడని చార

యురీదియా పోయి ఆ ఉదయానికి ఎనిమిది రోజులు. వాళ్ళింట్లో తొమ్మిది రోజుల ప్రార్థన ఇంకా పూర్తి కానే లేదు, ఇక్కడ డాక్టర్ బుర్సియాగా క్లినిక్‌లో ఆమె బీరువా తలుపు మీది పేరు గోకేసి ఇంకొకరి పేరు అంటించారు. గోకింది పరాయివాళ్ళెవరూ కాదు, గ్రిసెల్దా. డాక్టరు గోకమన్నాడు, ఆమె గోకింది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన చెప్పడమూ ఈమె చెయ్యడమూ అలవాటైపోయాయి. గోటి సందులో ఇరుక్కున్న జిగురు మాత్రం కుళాయి కింద పెట్టి ఎంత రుద్దినా పోలేదు.

తర్వాత డాక్టరు అందర్నీ హాల్లో వరసగా నిలబెట్టాడు. కుర్చీ పక్కన నిలబడి రోగి నోట్లో గొట్టం పట్టుకునే సహాయకురాళ్ళు, వెనక షెడ్డులో కట్టుడు పళ్ళు చేసేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు, మొత్తం పదిహేడు మంది. ఆయన ముఖానికి కొత్త మాస్కు, దాని మీద ఇంకో మాస్కు, ఆ రెంటి మీదా నుదుటి నుంచి గడ్డం దాకా ప్లాస్టిక్ తెర. ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాల మీద ఉడికి ఉడికి పసుపు తిరిగిన మాస్కులు. వాటి రబ్బర్లు సాగిపోతే ముళ్ళు వేసుకున్నారు.

"చిన్న కాగితం. చదవక్కర్లేదు, సంతకం పెడితే చాలు," అన్నాడు డాక్టరు. "యురీదియాకి జబ్బు ఇక్కడ అంటలేదు, ఏదో పుట్టినరోజు విందులో అంటుకుంది, అది మీకు తెలుసు అని రాసుంది. అంతే."

"ఏ విందు డాక్టరు గారూ?" అని అడిగింది ఎక్స్‌రే గదిలో పనిచేసే సులేమా. "ఊళ్ళో పుట్టినరోజులు ఆగిపోయి రెండు నెలలైంది కదా."

"సంతకం సంగతి నువ్వు చూడు. విందు సంగతి నేను చూసుకుంటా."

ఎవరూ కలం ముట్టుకోలేదు. ఎవరూ పెట్టనని కూడా అనలేదు. డాక్టరు ఆ పదిహేడు ముఖాల్నీ ఒకసారి కలయజూసి, రేపు పొద్దున్న దాకా గడువిచ్చాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "గ్రిసెల్దా, నీ నోటుపుస్తకం సాయంత్రం ఇంటికెళ్ళే లోపల నా బల్ల మీద పెట్టు," అన్నాడు.

ఆ కాగితం మీద అన్ని సంతకాలు పడితే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. పనిలో జబ్బు అంటుకుని చచ్చిపోయిందని రాస్తే యురీదియా నాలుగేళ్ళ కూతురు ఇత్సెల్‌ను పెరిగి పెద్దయ్యేదాకా సర్కారు పోషించాలి. విందులో అంటుకుందని రాస్తే ఆ పిల్లకు మిగిలేది అమ్మమ్మ తోమాసా రెక్కల కష్టం ఒక్కటే. ఆ ఇత్సెల్‌కు చర్చిలో జ్ఞానస్నానం నాడు తలమీద చెయ్యి పెట్టి తల్లిలా చూసుకుంటానని మాటిచ్చింది గ్రిసెల్దా. ఆ రోజు నుంచి తోమాసా కుటుంబమూ ఈమె కుటుంబమూ కొమాద్రెలని పిలుచుకుంటూ వియ్యాలవాళ్ళ కంటే దగ్గరయ్యారు. యురీదియాను ఈ క్లినిక్‌లో పనికి పెట్టించింది కూడా ఈ గ్రిసెల్దాయే.

లాస్ అల్గొదోనెస్‌లో పళ్ళు తప్ప ఇంకో పంట లేదు. సరిహద్దు గేటు దాటి అటువైపు దేశం ముసలాళ్ళు, ఇక్కడ చవకని, చలికాలమంతా నడిచి వస్తారు. నాలుగు వీధుల్లో ఎటు తిరిగినా దంత వైద్యమే. ఆ వసంతంలో మహమ్మారి వచ్చిపడ్డాక ఆ గేటు మనకు మూసేశారు. అటు పండ్ల తోటల్లో కూలికి పోయేవాడికి మూసేశారు, అక్కడ కడుపుతో ఉన్న చెల్లెల్ని చూడబోయే ఆడమనిషికి మూసేశారు. వాళ్ళ పళ్ళకు మాత్రం మూయలేదు. అత్యవసరమైతేనే వైద్యం చెయ్యాలని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. బుర్సియాగా లెక్కలో పళ్ళు తెల్లబరచడం కూడా అత్యవసరమే అయింది.

డ్రిల్లు తిరిగితే నోట్లోంచి తుంపర లేస్తుంది. సహాయకురాలి ముఖం రోగి నోటికి జానెడు దూరంలో ఉంటుంది. మార్చిలో ఒక పెట్టెడు మంచి మాస్కులు వచ్చాయి. అవి వారంలో అయిపోయాయి. "ఇక దొరకవు. వాడినవే ఆవిరిపెట్టెలో పెట్టి మళ్ళీ ఇవ్వు," అన్నాడు డాక్టరు. ఆవిరిపెట్టె గ్రిసెల్దాది. పళ్ళు పీకే పటకార్లు, అద్దాలు, సూదులు అన్నీ అందులో ఉడికి శుభ్రమై వస్తాయి. లోపల పెట్టే ప్రతి పొట్లం మీదా ఒక టేపు ముక్క అంటిస్తారు. పెట్టేటప్పుడు దాని చారలు తెల్లగా ఉంటాయి. వేడి సరిగ్గా తగిలితే నల్లబడతాయి. చార నల్లబడని పొట్లాన్ని ఆ క్లినిక్‌లో ఎవరూ ముట్టుకోరు. యురీదియా కొత్తగా చేరినప్పుడు గ్రిసెల్దా ఆమెకు నేర్పిన మొదటి పాఠం ఇదే. "డాక్టరు మాట నమ్మకు, మొగుడి మాట నమ్మకు, చార మాట నమ్ము."

అందుకే మాస్కులను పెట్టెలో పెట్టమనగానే ఆమె పెట్టింది. చార నల్లబడింది. ఇచ్చింది. ఎన్నోసారో, ఏ తారీఖో నోటుపుస్తకంలో రాసి, పక్కన నల్లబడిన టేపు ముక్క అంటించి, కింద తన పేరు రాసింది. పద్దెనిమిదేళ్ళుగా పటకార్లకు ఎలా రాసిందో మాస్కులకూ అలాగే రాసింది. ఇనుముకు పనికొచ్చే మందు గుడ్డకు పనికొస్తుందా అని మాత్రం ఆలోచించలేదు.

ఆలోచించలేదని ఊళ్ళో ఎవరికైనా చెప్పుకోవచ్చు. తనకు తాను చెప్పుకోలేకపోయింది. ఏప్రిల్ మొదటి వారంలో యురీదియా మాస్కు పట్టుకుని ఆవిరి గదికి వచ్చింది. "అక్కా, ఇది ముక్కు దగ్గర నిలవట్లేదు. పక్కల నుంచి గాలి దూరుతోంది. కళ్ళద్దాలకు ఆవిరి పడుతోంది చూడు." గ్రిసెల్దా చూసింది. నిజమే. చూసి కూడా, "చార నల్లబడిందా లేదా? నల్లబడింది కదా. మహా చెప్పొచ్చావు, పో, కుర్చీలో మనిషి ఎదురుచూస్తున్నాడు," అని తోలేసింది. ఆ మాట అంటున్నప్పుడు గ్రిసెల్దా ముఖానికి ఉన్నది కొత్త మాస్కు. ప్రతి సోమవారం డాక్టరు తన గదిలోకి పిలిచి, "నువ్వు పెద్దదానివి, ఎవరికీ చెప్పకు," అని ఒకటి చేతిలో పెట్టేవాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం డాక్టరు ఆవిరి గదికే వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి.

"పుస్తకం ఏది?"

"సాయంత్రం అన్నారు కదండీ."

"సాయంత్రం దాకా దానితో నీకేం పని? చూడు గ్రిసెల్దా, నీ మంచికే చెప్తున్నా. ఆ పుస్తకం బయటికొస్తే అందులో నా సంతకం ఒక్కటీ ఉండదు. ప్రతి పేజీలో నీదే ఉంటుంది. ఉడకబెట్టింది నువ్వు, పంచింది నువ్వు. నేనెక్కడున్నాను అందులో?"

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను తినేసింది. పుస్తకం ఇచ్చేస్తే కాల్చేస్తాడు, ఆమె పాపమూ దాంతోపాటు బూడిదైపోతుంది, ఇత్సెల్ బతుకూ బూడిదైపోతుంది. ఇవ్వకపోతే తాను జైలుకు పోవచ్చు. అంతకంటే ముందు తోమాసా ముఖంలోకి చూడాలి.

వెనక షెడ్డులో అన్నం వేళకు జనం పోగయ్యారు. పిలిచినవాడు నికనోర్. ముప్పై ఏళ్ళుగా ప్లాస్టర్ పిండి పీల్చి పీల్చి దగ్గే మనిషి, కట్టుడు పళ్ళ పనిలో ఆ వీధికంతా పెద్ద. ఆ షెడ్డులోకి తెల్లబట్టల సహాయకురాళ్ళు ఎప్పుడూ రారు, బట్టలకు పిండి అంటుతుందని. వీధిలో నిలబడి "పళ్ళా సార్, పళ్ళా మేడం" అని రోగుల్ని లాక్కొచ్చే లాగుడుగాళ్ళు అసలే రారు, వాళ్ళను లోపలికి రానివ్వరు. ఆ రోజు మూడు రకాలవాళ్ళూ ఒకే కప్పు కింద నిలబడ్డారు, ఎవరి మూల వాళ్ళది. రేకుల కింద ఎండ పెనంలా ఉంది. నికనోర్ కబురంపితే వచ్చి ప్లాస్టర్ బస్తా మీద తోమాసా కూర్చుంది. ఆమెను చూడగానే గ్రిసెల్దా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"సంతకం పెట్టకపోతే పని పోతుంది. బయట పని ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే పెట్టనంటా," అన్నది ఒక సహాయకురాలు.

"పెట్టు. పెట్టాక నీ బీరువా మీద పేరు గోకడానికి ఎన్నాళ్ళు పడుతుందో అది కూడా అడిగి రాయించుకో," అన్నది సులేమా.

"మీకు కనీసం ఉడకబెట్టిన గుడ్డైనా ఇచ్చారు," అన్నాడు లాగుడుగాళ్ళలో పెద్దవాడు కాస్తులో. "మేం దగ్గే ముసలోళ్ళని చెయ్యి పట్టుకుని తెచ్చాం. మా మూతికి మా ఆడాళ్ళ పాత రుమాళ్ళే గతి. మా వాళ్ళు ఇద్దరు మంచాన పడ్డారు. మీరు ఒక్కళ్ళన్నా అడిగారా?"

"మీరు మాకు రోగుల్ని తెచ్చారా, రోగాన్ని తెచ్చారా?" అని ఎవరో అన్నారు.

"తెచ్చింది మేమే తల్లీ. తెమ్మన్నది ఎవరు? తేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలిగించేది నువ్వా?"

గొంతులు లేచాయి. తెల్లబట్టలు వీధి ఎండలో వెలిసిన చొక్కాల్ని తిట్టాయి, ఆ చొక్కాలు తెల్లబట్టల్ని తిట్టాయి. మేడ మీద చల్లని గదిలో ఉన్నవాడి మాట ఎవరికీ గుర్తు రాలేదు. తన్నుకునేవాళ్ళు తన్నుకుంటూ ఉంటే తన్నించేవాడికి నిద్ర బాగా పడుతుంది. నికనోర్ దగ్గు ఆపుకుని, మైనం కరిగించే సారా దీపం వెలిగించి బల్ల మీద పెట్టాడు.

"ముందు ఇది చూసి తర్వాత కొట్టుకోండి. సులేమా, నీ మాస్కుతోనే ఊదు."

సులేమా మూరెడు దూరం నుంచి ఊదింది. దీపం ఆరిపోయింది.

"ఎవరి దగ్గరన్నా కొత్తది ఉందా?"

గ్రిసెల్దా జేబులో చెయ్యి పెట్టింది. సోమవారం నాటిది, మడత విప్పనిది ఒకటి ఉంది. తీసి సులేమాకు ఇచ్చింది. నికనోర్ దీపం మళ్ళీ వెలిగించాడు. సులేమా ఊపిరంతా బిగబట్టి ఊదింది. మంట కాస్త వణికింది గాని ఆరలేదు. ఇంకోసారి ఊదింది. ఆరలేదు.

"ఆవిరికి క్రిములు చస్తాయి, నిజమే," అన్నాడు నికనోర్. "దాంతోపాటు మాస్కూ చస్తుంది. మెక్సికాలి ఆసుపత్రిలో నా తమ్ముడి కూతురు నర్సు. అక్కడ ఎప్పుడో మానేశారట. చార వేడి తగిలిందని చెప్తుంది, అంతే. మాస్కు బతికుందని చెప్పదు."

సులేమా చేతిలోని మాస్కును తిప్పి చూసింది. తర్వాత గ్రిసెల్దా వైపు చూసింది. "ఇది నీకెక్కడిది అక్కా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. గ్రిసెల్దా ఈ రెండు నెలలూ అడుసులోనే నిలబడి ఉంది. ఆమె మాటలు వెతుక్కోలేదు. డాక్టరు ప్రతి సోమవారం ఒకటి ఇచ్చేవాడని చెప్పింది. తాను పెట్టుకునేదాన్నని చెప్పింది. యురీదియా గాలి దూరుతోందని వచ్చిన రోజు గురించీ, తాను కసిరిన మాట గురించీ చెప్పింది. నోటుపుస్తకం నడుము దగ్గర దోపుకుని ఉంది, తీసి బల్ల మీద పెట్టింది.

"ఛీ," అన్నారు ఎవరో, మెల్లగానే. ఆ మాట తనకు తగినదేనని గ్రిసెల్దాకు అనిపించింది.

తోమాసా బస్తా మీది నుంచి లేవలేదు. "క్షమించమని అడగడానికొచ్చావా కొమాద్రె?"

"లేదు."

"మంచిది. నా దగ్గర లేదు." తోమాసా చేతిలోని జపమాలను శాలువా కొంగున ముడేసుకుంది. "నా పిల్ల చివరి రోజు ఫోనులో ఏమందో తెలుసా? గ్రిసెల్దా అక్క జాగ్రత్తగా ఉందా అని అడిగింది. నువ్వు జాగ్రత్తగానే ఉన్నావు. అది నీకూ దేవుడికీ మధ్య. నేను చదువుకోలేదు. ఆ పుస్తకంలో ఏముందో ఎవరైనా చదవండి."

సులేమా చదివింది. మార్చి ఇరవై మూడు, మాస్కులు, రెండోసారి. మార్చి ఇరవై ఏడు, మూడోసారి. ఏప్రిల్ రెండు, ఐదోసారి. ఏప్రిల్ పదకొండు, ఎనిమిదోసారి. ప్రతి వరస పక్కనా ఒక నల్ల చార. ప్రతి చార కిందా గ్రిసెల్దా పేరు.

"ఇది బయటికిస్తే నిన్ను పట్టుకుపోతారు," అన్నాడు నికనోర్ గ్రిసెల్దాతో.

"తెలుసు. ఇందాకే డాక్టరు చెప్పాడు."

"ఒక్కదాన్ని పట్టుకుపోతే వాడు బతికిపోయినట్టే," అన్నాడు కాస్తులో. "రేపటి నుంచి అన్నిటికీ గ్రిసెల్దాయే అంటాడు. తప్పు కిందివాళ్ళది, క్లినిక్ పైవాడిది. ఈ నాటకం మాకు కొత్తా?"

అప్పుడు లేచింది తోమాసా. "రేపు నా బిడ్డకు తొమ్మిదో రోజు. ప్రార్థన ఇంట్లో చెయ్యను. వాడి గుమ్మం ముందు చేస్తా. వచ్చేవాళ్ళు రండి. రానివాళ్ళు సంతకం పెట్టుకోండి, నేనేమీ అనను."

బల్ల చుట్టూ అందరూ ముందుకొచ్చారు. ప్రతి పేజీనీ ప్రతి ఒక్కరూ ఫోనులో ఫోటో తీసుకున్నారు. తెల్లబట్టలకు పిండి అంటింది, ఎవరూ దులుపుకోలేదు. పుస్తకాన్ని తోమాసా గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. ఆ సాయంత్రం గ్రిసెల్దా ఉత్త చేతులతో డాక్టరు గదిలోకి వెళ్ళి, "పుస్తకం ఇవ్వను," అని చెప్పి వచ్చేసింది. పద్దెనిమిదేళ్ళలో ఆయనకు ఆమె కాదని చెప్పడం అదే మొదలు. చెప్పాక గర్వంగా ఉంటుందనుకుంది. ఏమీ లేదు. ఈ ఒక్క ముక్క ఏప్రిల్‌లో అని ఉంటే అనే ఆలోచన ఒక్కటే మిగిలింది.

మర్నాడు ఏడింటికి క్లినిక్ ముందు వీధి నిండిపోయింది. మనిషికీ మనిషికీ మధ్య బారెడు దూరం పెట్టి నిలబెట్టాడు కాస్తులో. మనుషుల్ని వరసలో పెట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పక్క క్లినిక్కుల వాళ్ళు కూడా వచ్చారు, వాళ్ళ ఆవిరిపెట్టెల్లోనూ అదే వంట నడుస్తోంది మరి. గుమ్మం మెట్టు మీద యురీదియా ఫోటో పెట్టి, పక్కన ఆమె మాస్కు పెట్టారు, ముళ్ళు వేసిన రబ్బరుతో సహా. నికనోర్ అడిగినవి మూడే మాటలు. రోజూ మనిషికో కొత్త మాస్కు, లాగుడుగాళ్ళకు కూడా. ఆ కాగితం చింపెయ్యాలి. యురీదియా పనిలో చచ్చిపోయిందని డాక్టరు తన చేత్తో రాసివ్వాలి. కార్మిక శాఖ మనిషి వచ్చి పుస్తకం చూసేదాకా ఒక్క కుర్చీ కూడా తిరగదని చెప్పాడు.

డాక్టరు రాయలేదు, పోలీసుల్ని పిలిచాడు. పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. ఆయన మేడ మెట్ల మీదే నిలబడి, ప్లాస్టిక్ తెర వెనక నుంచి వేలు చూపించాడు. "అదిగో, ఆవిడే. మాస్కులు ఉడకబెట్టి ఇచ్చింది ఆవిడే. నేను నమ్మి అప్పజెప్పాను, ఇంత పని చేసింది. కావాలంటే అడగండి."

సార్జెంటు అడిగాడు. "నువ్వేనా?"

"నేనే," అన్నది గ్రిసెల్దా.

ఆమె చేతులు ముందుకు చాపింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం ఆమెకు హాయిగా ఉంది. జైలంటే ఒక గది. ఆ గదిలో తోమాసా ముఖం ఉండదు, ఇత్సెల్ ముఖం ఉండదు, చెల్లించేశానన్న తృప్తి ఉంటుంది. ఆమె తానే నడిచి వెళ్ళి ట్రక్కు వెనక ఎక్కి కూర్చుంది.

తోమాసా ట్రక్కు దగ్గరకు వచ్చింది. గ్రిసెల్దా ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఉండే టేపు చుట్టను బయటికి లాగి, ఒక ముక్క చింపి, ఆమె భుజం మీద అంటించింది.

"ఇది ఏ రంగులో ఉంది?"

"తెల్లగా ఉంది," అన్నది గ్రిసెల్దా.

"ఇంకా నల్లబడలేదు కదా. నల్లబడందాన్ని మీరు ముట్టుకోరని నా పిల్ల చెప్పేది. నీకు తగలాల్సిన వేడి ఇంకా తగల్లేదు. అప్పుడే జైల్లో దాక్కుందామనా? నా మనవరాలి కాగితం చేతికొచ్చేదాకా నువ్వు మాతో నడవాలి. దిగమనట్లేదు. వీళ్ళని నిన్ను తీసుకుపోనివ్వను, అంతే."

అని వెళ్ళి ట్రక్కు ముందు నడివీధిలో కూర్చుంది. ఆమె పక్కన, బారెడు దూరంలో సులేమా కూర్చుంది. ఆ వెనక నికనోర్, నిన్న సంతకం పెడతానన్న సహాయకురాలు, తుడిచేవాళ్ళు. ట్రక్కు వెనక కూడా అలాగే నిండిపోయింది. టేపు చుట్ట చేతులు మారింది. ఒక్కొక్కరి భుజం మీదా ఒక తెల్ల చార. గేటు దగ్గర కాస్తులో మనుషులు, ఇన్నేళ్ళుగా రండి రండి అని లాగిన గొంతులతోనే, దాటి వస్తున్న ముసలాళ్ళకు ఎదురెళ్ళి చెప్తున్నారు. "ఈ రోజు పళ్ళు లేవు సార్. ఆ లోపల చచ్చిపోతున్నారు మేడం. మీ మంచికే చెప్తున్నాం, తిరిగి వెళ్ళిపోండి." ముసలాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని వెనక్కి తిరుగుతున్నారు.

సార్జెంటు ట్రక్కు స్టార్ట్ చేయించాడు. ఎవరూ కదల్లేదు. ఆపించాడు.

"ప్రార్థన మొదలుపెట్టు," అన్నది తోమాసా.

సులేమా జపమాల తీయలేదు, ఫోను తీసింది. "మార్చి ఇరవై మూడు. మాస్కులు, రెండోసారి. ఎవరిచ్చారు?"

ట్రక్కు మీద గ్రిసెల్దా తల దించుకుంది. తోమాసా వెనక్కి తిరిగి చూసింది, అంతే.

"నేనే ఇచ్చాను," అన్నది గ్రిసెల్దా.

"ఎవరిమ్మన్నారు?"

"బుర్సియాగా," అన్నది వీధి.

"మార్చి ఇరవై ఏడు. మూడోసారి. ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చాను."

"ఎవరిమ్మన్నారు?"

"బుర్సియాగా."

మెట్లెక్కి పైకి పోయిన డాక్టరు తన గది కిటికీ తెర దించుకున్నాడు. పుస్తకంలో ఇంకా పద్దెనిమిది వరసలు ఉన్నాయి. సులేమా తర్వాతి పేజీ తీసింది.